ఇంటికి కంప్యూటర్: ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. అప్పటి నుంచి మా కావలి, సింగరాయకొండ వైపు నుంచి నాకు ఒకటే ప్రశ్న. ఇంటెల్‌లో 8వ జనరేషన్ కంటే పాత ప్రాసెసర్ ఉంటే మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం విండోస్ 11 ఎక్కదు. అందుకే పాతదాన్ని పక్కన పెట్టేవాళ్లు అడిగేది, "అన్నా, ఈసారి ల్యాప్‌టాప్ తీసుకోమంటావా, డెస్క్‌టాప్ తీసుకోమంటావా?" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

ఇంజినీరింగ్‌లో చేరి హాస్టల్‌కి పోయే పిల్లలకైతే ఇంత ఆలోచన అక్కర్లేదు, ల్యాప్‌టాప్ కొనిచ్చి పంపండి. నేను మాట్లాడేది ఇంట్లోనే ఉండే కంప్యూటర్ గురించి. పిల్లల చదువు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, రొయ్యల చెరువుల ఖర్చుల లెక్కలు, ఓ ప్రింటర్, అంతే.

ల్యాప్‌టాప్‌తో సుఖమేంటో అందరికీ తెలుసు. కరెంటు పోయినా ఆగదు, ఎక్కువ వాటిల్లో విండోస్ లైసెన్సుతోనే వస్తుంది. షాపువాళ్లు విడి పార్టులు బిగించి ఇచ్చే అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లో అదే డబ్బుకి పెద్ద తెర, ఇంకాస్త స్పీడు వస్తాయి, కానీ కొటేషన్‌లో విండోస్ ఉందో లేదో అడగండి. "వేసి ఇస్తాంలే సార్" అన్నారంటే లైసెన్సు లేదని అర్థం.

నా దృష్టిలో తేల్చేది ధర కాదు, వారంటీ అయిపోయాక ఏమవుతుందనేది. ల్యాప్‌టాప్‌కి మామూలుగా ఏడాదే వారంటీ. డెస్క్‌టాప్‌లో ఏ పార్టు వారంటీ దానిదే, కంపెనీ సీలు డబ్బాలో వచ్చే బాక్స్ ప్రాసెసర్‌కి మూడేళ్లు, మదర్‌బోర్డులకీ ఎక్కువగా అంతే. అది కూడా పోయాక పాడయిందనుకోండి, డెస్క్‌టాప్‌లో పోయేది ఒక పార్టే. మన వోల్టేజీకి ముందు పోయేది ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి పార్టులకి కరెంటిచ్చే డబ్బా, మామూలు రకం వెయ్యి రెండు వేల మధ్య దొరుకుతుంది, ఒంగోల్లోనో నెల్లూర్లోనో అరగంటలో మార్చి ఇస్తారు. ఇక సముద్రం దగ్గర ఊళ్లలో, కొత్తపట్నం, మైపాడు లాంటి చోట్ల, ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు నల్లబడి, ఆన్ చేస్తే బీప్ బీప్ అని అరవడం తప్ప తెర మీద ఏమీ రాదు. ప్లగ్గు పీకి, సైడు పలక తీసి, ర్యామ్ ఊడబీకి, దాని బంగారు రంగు అంచుని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు ఊదేసి, టక్కుమనేదాకా నొక్కితే చాలాసార్లు దానంతట అదే లేస్తుంది, పైసా ఖర్చు లేదు. పలచటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు, రుద్దడానికి అక్కడ ఊడొచ్చేదేమీ ఉండదు. రోజంతా ఛార్జింగ్‌లోనే పెట్టి మే నెల ఎండల్లో వాడితే కొన్నేళ్లకి బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేవడం కూడా మామూలే. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంటే మొదటి రోజే పెట్టేయండి.

పైగా 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకి పోతున్నాయి మరి. డెస్క్‌టాప్ అయితే ఇప్పటికి 8 జీబీ ఒకటి వేసుకుని, రేటు దిగాక ఇంకోటి పక్కన పెట్టుకోవచ్చు. పాత మానిటర్, కీబోర్డు ఎట్లాగూ పనికొస్తాయి.

"మరి కరెంటు పోతే?" అంటారు, నిజమే, డెస్క్‌టాప్‌కి ఉన్న అసలు ఇబ్బంది అదే. అయితే ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో చాలామంది చూడనిది ఒకటుంది, దాని మీద ఎకో, యూపీఎస్ అని చిన్న స్విచ్. ఎకోలో ఉంటే కరెంటు పోయి బ్యాటరీ అందుకునే ఆ క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే అవకాశం ఎక్కువ, యూపీఎస్ వైపు పెడితే సాధారణంగా ఆగదు. కాకపోతే ఈ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180కి దిగితే చాలు, కరెంటు ఉన్నా బ్యాటరీ మీదికి పోతుంది. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లన్నీ ఒక్కసారి తిరిగి వోల్టేజీ పడిపోయే ఊళ్లలో సాయంత్రమయ్యేసరికి బ్యాటరీ ఖాళీ. అలాంటి చోట ఇన్వర్టర్ని ఎకోలోనే ఉంచి, కంప్యూటర్‌కి విడిగా 600 వీఏ యూపీఎస్ డబ్బా పెట్టుకోండి, పని సేవ్ చేసి ఆపుకునేంత టైమిస్తుంది. రోజూ గంటలకొద్దీ కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా లేని ఇల్లయితే మాత్రం నేనూ ల్యాప్‌టాప్‌కే ఓటేస్తా.

మినీ పీసీ మంచిదే, కరెంటు తక్కువ తాగుతుంది, కానీ దాని పార్టులు ఇక్కడి షాపుల్లో అంతగా దొరకవు. తెర వెనకే కంప్యూటరంతా ఉండే ఆల్ ఇన్ వన్ చూడ్డానికి బాగుంటుంది, తెర పోతే మొత్తం పోయినట్టే, వద్దు. ట్యాబ్ కంప్యూటర్ కాదు. సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ కొనేవాళ్లు 8వ జనరేషన్ కంటే పాతది ముట్టుకోవద్దు.

జీఎస్టీ తగ్గింది కదా అని షాపులో వాదనకి దిగకండి. 2025 సెప్టెంబర్ 22న తగ్గింది పెద్ద టీవీలకి, ఏసీలకి. ల్యాప్‌టాప్‌లు, 32 అంగుళాల్లోపు కంప్యూటర్ మానిటర్లు ముందూ 18 శాతమే, ఇప్పుడూ 18 శాతమే. నెల్లూరు వాళ్లు చాలామంది రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి కొంటారు, రేటు కొంచెం తక్కువే, కానీ పార్టు పోతే మళ్లీ అక్కడికే పోవాలి కాబట్టి తేడా రెండు మూడు వేలే అయితే మన ఊళ్లోనే తీసుకోండి. ఎక్కడ కొన్నా బిల్లు మీద "కంప్యూటర్ సెట్" అని ఒక్క ముక్క రాసిస్తే ఒప్పుకోకండి, ఒక్కో పార్టు పేరు, సీరియల్ నంబర్ విడివిడిగా రాయించుకోండి.