పెట్టె మీద 4000 వాట్లు, బోనెట్ కింద 35 ఏహెచ్ చిన్న బ్యాటరీ: కారు యాంప్లిఫయర్ కొనబోయేవారికి హెచ్చరిక

యాంప్లిఫయర్, సబ్‌వూఫర్, వైరింగ్ కిట్ మూడూ కలిపి పండగ ఆఫర్ అంటూ కారు డెకార్ దుకాణాల్లో అమ్ముతున్న సెట్ల మీద మీ కన్ను పడి ఉంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. విజయవాడలో ఒక దుకాణంవారు మా తమ్ముడి కారుకు అలాంటి సెట్టు బిగించారు. దానివల్ల ఏడాది కూడా నిండని బ్యాటరీ పాడైంది. అంతకంటే పెద్ద ప్రమాదం తివాచీ కింద దాగి ఉంది, దాని సంగతి కింద రాశాను. దుకాణం పేరు రాయను. అదే రకం పెట్టె, అదే రకం వైరు ఇంకా ఎన్నో దుకాణాల అద్దాల వెనక ఉన్నాయి కాబట్టి, పేరు చెప్పడం కన్నా సరుకును గుర్తుపట్టడం నేర్పితేనే మీకు ఉపయోగం.

కారు చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. పెట్టె మీద బంగారు రంగు అక్షరాలతో 4000 వాట్లు అని ఉంది. బిగించిన రోజు నుంచే డప్పు దెబ్బ పడ్డ ప్రతిసారీ హెడ్‌లైట్లు మసకబారేవి. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే యాంప్లిఫయర్ మీద ఎర్రదీపం వెలిగి పాట ఆగిపోయేది. దుకాణానికి వెళ్తే ముందు ‘కెపాసిటర్ (కరెంటును కాసేపు దాచి ఒక్కసారిగా ఇచ్చే డబ్బా) పెడితే సరిపోతుంది సార్’ అన్నారు. దానికి డబ్బు తీసుకున్నాక, ‘మీ బ్యాటరీ చిన్నది సార్, పెద్దది వేయాలి’ అన్నారు. మర్యాదగానే మాట్లాడారు, అది ఒప్పుకోవాలి. కానీ ఇన్ని సలహాల మధ్య ఒక్కసారి కూడా మీటరు బయటకు తీయలేదు. చివరికి ఆటోనగర్‌లో ఒక పాతకాలపు ఆటో ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరు తగిలించి చూస్తే అసలు కథ బయటపడింది.

ముందు ఆ 4000 వాట్ల సంగతి. యాంప్లిఫయర్ వెనక వైపు, వైర్లు బిగించే చోటు పక్కన ఫ్యూజులు ఉంటాయి. దీనికి 25 ఆంపియర్లవి రెండు, అంటే మొత్తం 50. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది దాదాపు 13.8 వోల్టులు. 50ని 13.8తో గుణిస్తే 690 వాట్లు. ఫ్యూజు పోకుండా ఆ యాంప్లిఫయర్ నిలకడగా లోపలికి తీసుకోగలిగేది అంతే. ఇది క్లాస్ ఏబీ రకం, తీసుకున్నదాంట్లో సగానికి కాస్త అటూఇటూ మాత్రమే స్పీకర్లకు ఇచ్చి మిగిలింది వేడిగా పోగొడుతుంది. అంటే స్పీకర్లకు చేరేది 350 వాట్ల చుట్టుపక్కల. నిజంగా 4000 వాట్లు రావాలంటే, ఒక్క వాటు కూడా వృథా కాదనుకున్నా దాదాపు 290 ఆంపియర్లు కావాలి. ఆ కారు ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ కరెంటు తయారుచేసేది) రేటింగ్ 65 ఆంపియర్లు. గుణకారం వచ్చిన ఎవరికైనా తెలిసే అబద్ధాన్ని అంత ధైర్యంగా బంగారు అక్షరాలతో ఎలా అచ్చు వేస్తారో నాకు అర్థం కాదు.

క్లాస్ డీ రకం అయితే లెక్క కాస్త మెరుగు, తీసుకున్నదాంట్లో 75 నుంచి 80 శాతం దాకా స్పీకర్లకు ఇస్తుంది. ఏ రకమైనా సరే, పెట్టె మీద ‘మ్యాక్స్’, ‘పీక్’ అని రాసిన అంకెలను పట్టించుకోకండి. ఆర్‌ఎంఎస్ అంకె, అంటే నిలకడగా ఇవ్వగలిగే శక్తి చూడండి. సీఈఏ-2006 లేదా సీటీఏ-2006 అనే ముద్ర ఉంటే ఇంకా మంచిది. ఆ ప్రమాణం ప్రకారం 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల లోడు మీద, ధ్వని వికృతి 1 శాతం దాటకుండా కొలిచిన శక్తినే రాయాలి. ముద్ర లేకపోతే ఫ్యూజు లెక్క మీరే వేసుకోండి, అర నిమిషం పని.

ఇక కారు వైపు లెక్క. యాంప్లిఫయర్ అమ్మేవారు దీన్ని అసలు ఎత్తరు. ఆల్టర్నేటర్ మీద రాసి ఉన్న 65 ఆంపియర్లు ఇంజను వేగంగా తిరిగినప్పుడు వచ్చేవి. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఉన్నప్పుడు అందులో సగం వస్తే గొప్ప. రాత్రి పూట రెండు హెడ్‌లైట్లకే 8 ఆంపియర్లు పోతాయి. పైన రేడియేటర్ ఫ్యాను, ఏసీ బ్లోయర్, ఏసీ క్లచ్, పెట్రోలు పంపు, ఇంజను కంప్యూటరు ఉన్నాయి. వాన పడితే వైపర్లు, వెనక అద్దం హీటరు. అంటే యాంప్లిఫయర్ లేకుండానే ఐడిల్‌లో ఆల్టర్నేటర్ శక్తి దాదాపు అయిపోతోంది. సంగీతం ఎప్పుడూ పూర్తి శక్తిని లాగదన్నది నిజమే, సగటున మూడో వంతు అనుకోవచ్చు. కానీ ఆ మూడో వంతు కూడా ఐడిల్‌లో బ్యాటరీ నుంచే రావాలి. బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో నత్తనడక నడిచే కారులో బ్యాటరీ రోజూ ఖాళీ అవుతూ, పూర్తిగా నిండే అవకాశం లేకుండా ఉంటుంది. మామూలు కారు బ్యాటరీ క్షణంపాటు సెల్ఫ్ తిప్పడానికి తయారైనది. ఇలా సగం సగం ఖాళీ చేస్తూ పోతే పలకల మీద సల్ఫేటు పేరుకుని త్వరగా చస్తుంది. మా తమ్ముడి బ్యాటరీకి జరిగింది అదే.

పెద్ద బ్యాటరీ వేస్తే తీరుతుందా? ఇంటి మీద ట్యాంకు పెద్దది కట్టినంత మాత్రాన బోరు మోటారు ఎక్కువ నీళ్లు తోడదు. ఇంజను ఆపి పాటలు వినేవారికి పెద్ద బ్యాటరీ కాస్త పనికొస్తుంది. లోటు ఆల్టర్నేటర్ దగ్గర ఉన్నప్పుడు మాత్రం అది రోగాన్ని వాయిదా వేస్తుంది, అంతే.

కెపాసిటర్ సంగతి ఇంకా అన్యాయం. 1 ఫరాడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12 వోల్టులకు పడిపోయేలోగా బయటకు ఇచ్చేది 26 జౌళ్ల శక్తి (ఒక వాటు అంటే సెకనుకు ఒక జౌలు). సెకనుకు 650 జౌళ్లు లాగే యాంప్లిఫయర్‌కు అది సెకనులో ఇరవై అయిదో వంతు సేపు సరిపోతుంది. ఆ తర్వాత అదే ఆల్టర్నేటర్ ఆ కెపాసిటర్‌ను కూడా నింపాలి. నీలిరంగు వోల్టు మీటరు వెలుగుతూ చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి అమ్ముడుపోతోంది.

ఇప్పుడు వైర్లు. సెట్టుతో ఇచ్చిన వైరు మీద 4 గేజ్ అని ముద్రించి ఉంది. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది; 4 గేజ్ అంటే లోపలి లోహం 21 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి. కోసి చూస్తే తొడుగే మందంగా ఉంది, లోపల 8 గేజ్‌కు సరిపడా తీగ, అదీ రాగి కాదు. రాగి పూత పూసిన అల్యూమినియం. దాని వాహకత్వం రాగిలో మూడింట రెండు వంతులకు మించదు. ఒక్క పోగును బ్లేడుతో గీకి చూడండి: పైన ఎరుపు, లోపల తెలుపు అయితే అల్యూమినియం. పైన తెల్లగా ఉండి లోపల ఎర్రగా ఉంటే అది తగరం పూసిన రాగి, దానికి భయం లేదు.

ఎలక్ట్రీషియన్ గట్టిగా పాట పెట్టి కొలిచాడు. డప్పు దెబ్బ పడినప్పుడు బ్యాటరీ దగ్గర 13.1 వోల్టులు, యాంప్లిఫయర్ దగ్గర 10.8. మధ్యలో మాయమైన 2.3 వోల్టుల్లో 0.8 ఎర్ర వైరులో పోయింది, మిగతా 1.5 ఎర్త్ దగ్గర, అంటే కరెంటు తిరిగి వెళ్లడానికి కారు బాడీకి ఇచ్చిన కనెక్షన్ దగ్గర. డిక్కీలో రంగు గీకకుండా సీటు బెల్టు బోల్టు కిందే ఎర్త్ రింగు బిగించారు. ఆ బోల్టు ప్రాణాలు కాపాడడానికి ఉన్నది, దాని కింద ఏదీ పెట్టకూడదు. కారు బాడీ రేకు మీద రంగును మెరిసేదాకా గీకి, వేరే బోల్టుకు, ఎర్ర వైరంత మందపు రాగి వైరుతో, అర మీటరు లోపు పొడవుతో ఎర్త్ ఇవ్వాలి. ఇలాంటి మామూలు యాంప్లిఫయర్‌కు వోల్టేజి పడిపోతే శక్తి వోల్టేజి వర్గం (స్క్వేర్) లెక్కన తగ్గుతుంది. 14.4 దగ్గర ఇచ్చేదాంట్లో 10.8 దగ్గర 56 శాతమే మిగులుతుంది. శబ్దం తగ్గిందని గెయిన్ (యాంప్లిఫయర్ మీద సిగ్నల్‌ను పెంచే మీట) పెంచితే ధ్వని తరంగం తల తెగి, స్పీకరు కాయిల్ కాలిపోతుంది. అప్పుడు దుకాణంవారు కొత్త స్పీకరు అమ్ముతారు.

ఇక తివాచీ కింది సంగతి. దీన్ని చదవకుండా దాటవేయకండి. బ్యాటరీ నుంచి వచ్చే మెయిన్ వైరుకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే, అర మీటరు లోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది వైరును. మా తమ్ముడి కారులో ఫ్యూజును డిక్కీలో యాంప్లిఫయర్ పక్కన పెట్టారు, చూసుకోవడానికి వీలుగా ఉంటుందట. అంటే బోనెట్ నుంచి డిక్కీ దాకా దాదాపు 5 మీటర్ల వైరుకు ఏ రక్షణా లేదు. ఇంజను గదికి, క్యాబిన్‌కు మధ్య రేకులో రంధ్రం చేసి, రబ్బరు బుష్ కూడా వేయకుండా వైరు లాగారు. రేకు అంచు తొడుగును కోయడం అప్పటికే మొదలైంది. అది లోహానికి తగిలితే కారు బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది. వైరు ఎర్రగా కాలి, డ్రైవరు కాళ్ల దగ్గర తివాచీ అంటుకుంటుంది. కారు ఆపి తాళం వేసి ఉన్నా అంటుకుంటుంది, ఎందుకంటే ఆ వైరులో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఇప్పటికే సెట్టు బిగించుకున్నవారు ఈ రోజే బోనెట్ ఎత్తి చూడండి. బ్యాటరీ పక్కన ఫ్యూజు హోల్డర్ కనిపించకపోతే, ఉన్నా కూడా వైరు మోయగలిగే దానికంటే పెద్ద ఫ్యూజు వేసి ఉంటే, అది సరిచేసేదాకా మెయిన్ వైరును బ్యాటరీ నుంచి విప్పేయండి.

ఆ కారుకు పొద్దున పూట సెల్ఫ్ కూడా తిరిగేది కాదు, దానికి ఇంకో కారణం కూడా దొరికింది. స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌ను ఆన్ చేసే సన్నటి రిమోట్ వైరును ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకు కలిపారు. తాళం తీసినా యాంప్లిఫయర్ ఆన్‌లోనే ఉండి, మౌనంగా ఒక ఆంపియరు పైన తాగుతూ ఉంది.

కొత్త కార్లు ఉన్నవారికి ఒక మాట. ఐడిల్‌లో ఇంజను దానంతట అదే ఆగే కార్లలోను, స్మార్ట్ హైబ్రిడ్ అనే రకాల్లోను బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది. ఎర్త్ నేరుగా ఆ టెర్మినల్‌కు ఇస్తే యాంప్లిఫయర్ వాడిన కరెంటు సెన్సర్ లెక్కలోకి రాదు, కంప్యూటరు చార్జింగును తప్పుగా అంచనా వేస్తుంది. కారు బాడీకే ఎర్త్ ఇవ్వాలి. పైగా ఈ కార్లలో పెట్రోలు ఆదా కోసం ఆల్టర్నేటర్ వోల్టేజిని కావాలనే అప్పుడప్పుడు తగ్గిస్తారు. పాత కార్ల లెక్కలు వీటికి పనిచేయవు.

వైరింగు కోస్తే కారు కంపెనీ వారంటీ ఆ భాగానికి పోయే ప్రమాదం ఉంది. బీమాలో అదనపు ఎలక్ట్రికల్ సామగ్రిని ఐఎంటీ 24 ఎండార్స్‌మెంట్ (పాలసీకి చేర్చే అదనపు షరతు) కింద ప్రత్యేకంగా రాయించుకోవాలి. రాయించని సెట్టుకు పరిహారం ఆశించవద్దు.

మరి చిన్న కారులో మంచి శబ్దం వినకూడదా అంటే, భేషుగ్గా వినవచ్చు. మొత్తం 300, 350 ఆర్‌ఎంఎస్ వాట్ల లోపు క్లాస్ డీ యాంప్లిఫయర్, నిజమైన రాగి వైరు, సరైన ఎర్త్ ఉంటే ఆల్టర్నేటర్ జోలికి పోనక్కరలేదు. తలుపుల స్పీకర్లకు 4 చానళ్లు, చానలుకు 50 వాట్లు ఇచ్చేది అయినా పాట ప్రాణం పోసుకుంటుంది. రెండు కాయిల్‌ల సబ్‌వూఫర్ కొంటే ఓమ్‌ల లెక్క కూడా చూసుకోండి: 4 ఓమ్‌ల కాయిల్‌లు రెండు సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు అవుతాయి. బ్రిడ్జ్ చేసినప్పుడు, అంటే రెండు చానళ్లను ఒకటిగా కలిపినప్పుడు, 4 ఓమ్‌లకే తట్టుకునే యాంప్లిఫయర్‌కు దాన్ని తగిలిస్తే వేడెక్కి ఆగిపోతుంది.

డబ్బు వెనక్కి రాలేదు. దుకాణంవారు ఇచ్చింది ఎస్టిమేట్ కాగితం, దాని మీద ‘మ్యూజిక్ సెట్టు ఫిట్టింగుతో’ అన్న మాట తప్ప మోడల్ లేదు, జీఎస్‌టీ నంబరు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు, కానీ చేతిలో సరైన బిల్లు లేకపోతే వాదన బలహీనమవుతుంది. కాబట్టి బిల్లు మీద యాంప్లిఫయర్ మోడల్, ఆర్‌ఎంఎస్ వాట్లు, వైరు రాగిదా కాదా, ఎన్ని చదరపు మిల్లీమీటర్లు, బ్యాటరీ దగ్గర ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేశారు అన్నవి రాయించుకోండి. నోటితో చెప్పింది కాగితం మీద పెట్టడానికి దుకాణంవారు వెనకాడితే, కారు తాళాలు జేబులో వేసుకుని బయటకు వచ్చేయండి.