సముద్రపు అడుగు మట్టి: కోర్ తీసి కొలవాలా, తరంగాలు పంపి వినాలా?

విశాఖలో జియోఫిజిక్స్, ఓషనోగ్రఫీ చదివే పిల్లలకు ప్రాజెక్టు దగ్గరపడితే ఈ ప్రశ్న తప్పదు. తీరం దగ్గరి తక్కువ లోతులో సోనార్ ఎంత దూరం వినగలదో చాలావరకు అడుగునున్న మట్టే తేలుస్తుంది. నౌకాదళం ఉన్న ఊళ్లో ఇది చిన్న సంగతేం కాదు.

కోర్ అంటే అడుగులోకి గొట్టం దించి పైకి తీసే మట్టి స్తంభం. అది తీస్తే మట్టి చేతికొస్తుంది. రేణువుల సైజు, సాంద్రత, అందులో నీరెంత, అన్నీ తెలుస్తాయి. చిక్కంతా ధ్వని వేగం దగ్గరే. 6 సెంటీమీటర్ల మందం కోర్‌ను శబ్దం దాటడానికి పట్టేది సుమారు 40 మైక్రోసెకన్లు. అందులో ఒక్క మైక్రోసెకను తప్పినా వేగం 2.5 శాతం మారిపోతుంది. మెత్తటి బురదలో వేగానికీ, పైనున్న నీళ్లలో వేగానికీ తేడాయే 2, 3 శాతం! అంటే బురద నీటికన్నా నెమ్మదా, వేగమా అన్న అసలు ప్రశ్నే తేలకుండా పోవచ్చు. నెమ్మదైతే ఏటవాలుగా వచ్చిన శబ్దం కూడా చాలావరకు మట్టిలోకి దిగిపోతుంది. ఇసుకలో వేగం సెకనుకు 1,700 మీటర్ల దాకా, అంటే నీటికన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి అలాంటి ఏటవాలు శబ్దం అక్కడ తగిలి వెనక్కి వస్తుంది. పైగా లోతులోంచి పైకి లాగేసరికి ఒత్తిడి తగ్గి, మట్టిలోని గ్యాస్ ఉబ్బి, కోర్ పగుళ్లిస్తుంది. ల్యాబ్‌లో వందల కిలోహెర్ట్జ్‌లతో కొలిచిన క్షీణతను (మట్టిలో పోతూ శబ్దం ఎంత బలహీనపడిందో) వంద హెర్ట్జ్‌కి సరళరేఖ గీసి దించడం ఇంకా ప్రమాదం, ఇసుకలో ఆ లెక్క కుదరదు.

సైస్మిక్ అంటే తరంగాలు పంపి, మట్టి పొరల నుంచి తిరిగొచ్చేవాటిని వినడం. ఇందులో మట్టిని కదపక్కర్లేదు. ఉన్నచోటే, ఉన్న ఒత్తిడిలోనే దాని వేగం దొరుకుతుంది. కాకపోతే చూపు మొద్దు. 50 హెర్ట్జ్ తరంగం పొడవు 32 మీటర్లు ఉంటుంది, 8 మీటర్లకన్నా పలుచని పొరను విడదీయడం కష్టం. పైపొరలు కావాలంటే 3.5 కిలోహెర్ట్జ్ శబ్దం పంపే ప్రొఫైలర్ అనే పరికరం వాడాలి, అది ఇసుక మీద లోతుకు దిగదు.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2006లో గ్యాస్ హైడ్రేట్ల (గ్యాస్‌ను బంధించిన మంచులాంటి పదార్థం) కోసం తవ్వినప్పుడు, ఎక్కడ తవ్వాలో చెప్పింది సైస్మిక్ చిత్రాలే. బంకమట్టి పగుళ్లలో హైడ్రేట్ నరాల్లా పాకి ఉందని చూపింది మాత్రం, ఒత్తిడి పోకుండా తీసిన కోర్లకు తీసిన ఎక్స్-రేలు.

నన్నడిగితే డబ్బులు ఒక్కదానికే ఉంటే సైస్మిక్కే. రెండింటికీ ఉంటే ముందు సర్వే చేసి, పొర మారినచోట మాత్రం కోర్ తీయండి. పై మీటరు మట్టి ఒక్కటే కావాలంటే కోర్ చాలు.

షియర్ తరంగాలు (మట్టిని అడ్డంగా ఊపుతూ సాగేవి) కావాలనుకుంటే ఒక సంగతి. అవి నీళ్లలో నడవవు కాబట్టి రిసీవర్‌ను అడుగునే పెట్టాలి, అక్కడ ట్రాల్ వలలు లాక్కుపోతాయన్న భయం ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు హార్బర్‌లోనే ఉంటాయి. మే తుపానుల మీద ఒక కన్నేసి, అప్పుడు దించండి.