అక్క భాగం: పంచాయితీ కాగితమా, లోక్ అదాలతా, దావానా?

మా ఇంట్లో పిత్రార్జితం గొడవ తెగిందని తెలిసినప్పటి నుంచి అనంతపురంలో ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు: ఆడపిల్లల వాటా ఎక్కడ తేల్చుకోవాలి?

ఊరి పంచాయితీతో మొదలుపెడతాను, మేం దెబ్బ తిన్నది అక్కడే. 1999లో నాన్న ఉండగానే శెనక్కాయల చేను నాన్న, అన్న, నేను పంచుకుని స్టాంపు కాగితం మీద రాసుకున్నాం. పెద్దమనుషులు సంతకాలు పెట్టారు. అక్కకు సెంటు కూడా రాయలేదు. ఆమె పెళ్లి 1983లో అయింది. ఎన్టీఆర్ హయాంలో హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్లయిన కూతుళ్లకు భాగం ఇవ్వలేదు మరి.

2005లో కేంద్రం ఆ పెళ్లి షరతు లేకుండా కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అయినా 2016లో మా వకీలు, నాన్న 2003లోనే పోయాడు కాబట్టి అక్కకు రాదన్నాడు. అప్పటి సుప్రీంకోర్టు తీర్పు అట్లాగే ఉంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని తేల్చారు. మళ్లీ వకీలు దగ్గరికి వెళ్తే ఆయన మా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "రిజిస్ట్రేషన్ ముద్ర ఏదప్పా?" అన్నాడు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపత్రమో, కోర్టు డిక్రీయో ఉంటే పాత పంపకం నిలిచేది. మాకు రెండూ లేవు. పెద్దమనుషుల మీద గౌరవం ఉంది కానీ, ఆ కాగితం మీద నాకిక నమ్మకం లేదు.

అందుకే నా ఓటు లోక్ అదాలత్‌కు. కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100. అక్కడ రాజీ కుదిరి అవార్డు, అంటే రాజీ తీర్పు, రాశారంటే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. రేపు మా అన్న కొడుకు మనసు మార్చుకున్నా ఆ కాగితం నిలుస్తుంది. నాకు కావాల్సింది అదే. కాకపోతే అందరూ ఒప్పుకోవాలి. మా అన్న రెండుసార్లు రాలేదు, మూడోసారి వదిన తీసుకొచ్చింది.

అందరూ ముందే ఒక మాట మీద ఉంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో భాగపత్రం రాయించుకున్నా సరిపోతుంది.

ఇక దావా. ఏళ్లు పడుతుంది, ఖర్చు, టెన్షన్, పండగకు పుట్టింటికి పోలేని బాధ. అయినా అన్నదమ్ములు ఆ పొలానికి అమ్మకం అగ్రిమెంటు రాసివ్వబోతున్నారని తెలిస్తే మాత్రం లోక్ అదాలత్ తేదీ కోసం కూర్చోవద్దు. వెంటనే దావా వేసి, అమ్మకుండా ఆపే ఇంజంక్షన్ అడగండి. మధ్యలో రాజీ కుదిరితే అదే కేసును లోక్ అదాలత్‌కు పంపించుకోవచ్చు, కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది.