సీఏపీఎం పరీక్షకి ఏడు నెలలు చదివాక

విజయనగరంలో ఇంట్లోనే ఉండి ఏడు నెలలు సీఏపీఎంకి చదివాను, మొదటిసారే పాసయ్యాను. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ (పీఎంఐ) ప్రాజెక్ట్ పనుల్లోకి కొత్తగా వచ్చేవాళ్లకి ఇచ్చే ఈ సర్టిఫికెట్‌కి ఉద్యోగ అనుభవం అడగరు. ఇంటర్ చదివి, 23 గంటల ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ క్లాసులు విని ఉంటే చాలు. ఆ గంటలు అప్లికేషన్ వరకే. పరీక్షకి ఏమాత్రం సరిపోవు.

నేను తీసుకున్న ఆన్‌లైన్ కోర్సు పాత సిలబస్‌దని మూడో నెలకి గానీ తెలియలేదు. అప్పటికే ప్రాజెక్ట్ నడపడానికి అందులో చెప్పిన 49 ప్రాసెస్‌లు, వాటి ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు ఎక్కాల్లా బట్టీ పట్టేశాను. 2023లో పరీక్ష మారింది. ఇప్పుడు మూల విషయాలు 36 శాతం, బిజినెస్ అనాలిసిస్ 27, ఎజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేస్తూ దారిలో మార్చుకునే పద్ధతి) 20, ముందే ప్లాన్ వేసుకుని నడిచే పాత పద్ధతి 17. ఆ రాత్రి ఏడుపొచ్చింది. డబ్బు కట్టే ముందు కోర్సులో బిజినెస్ అనాలిసిస్ ఎంత ఉందో చూడండి.

క్రిటికల్ పాత్ అంటే ఒకటి ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టే ఆలస్యమయ్యే పనుల వరస. అది నాకు వీడియోలతో ఎక్కలేదు, మా ఊరి పైడితల్లమ్మ సిరిమాను పండగతో ఎక్కింది. దసరా తర్వాతి మంగళవారం, ఆ రోజు కదలదు. అమ్మవారు పూజారి కలలో చెప్పిన చింతచెట్టుని వెతకాలి, కొట్టి తేవాలి, మానుగా చెక్కాలి. వీటిలో ఏది ఆగినా తర్వాతది ఆగుతుంది. పాలధార, బెస్తవారి వల పనులు పక్కన వాటిమానాన సాగుతాయి, ఒకరోజు అటూఇటూ అయినా సర్దుకోవచ్చు. అదే ఫ్లోట్. ఇదంతా కాగితం మీద గీసి మా నాన్నకి చూపించాను.

"చెట్టుకి పూజ చేశాకే కదమ్మా గొడ్డలి పెడతారు, అది రాయలేదేటి?" అన్నారు.

బిజినెస్ అనాలిసిస్ అంటే ఏంటో నాకు అప్పుడు తెలిసింది. తెలిసినవాళ్లని అడిగితే తప్ప బయటపడని పనులుంటాయి. పరీక్షలో ఆ ప్రశ్నలు చాలావరకు ఇలాంటివే: ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి, విన్నది ఎలా రాసిపెట్టాలి.

మాక్ టెస్టులు మాత్రం పూర్తిగా, బ్రేక్‌లో తప్ప లేవకుండా రాయండి. 150 ప్రశ్నలు, 3 గంటలు, మధ్యలో 10 నిమిషాల బ్రేక్. అందులో 15 ప్రశ్నలకి మార్కులుండవు, అవి ఏవో మనకి చెప్పరు. అందుకే ఒకటి రాకపోతే టెన్షన్ పడకుండా ముందుకెళ్లడం అలవాటు చేసుకోవాలి. నాకు ఆరో మాక్‌కి గానీ అది రాలేదు. ఇంటి నుంచి రాసేవాళ్లు ఇన్వర్టర్ ఉన్న గదే చూసుకోండి.

ఇప్పుడు మా చెల్లి మొదలుపెట్టింది. నోట్సులో 49 ప్రాసెస్‌ల పేజీలు తీసేసి మిగతావి దానికిచ్చాను.