తరగతికి ఏది మేలు? వాట్సాప్ గ్రూపా, గూగుల్ క్లాస్‌రూమా, బ్లాగా?

తరగతి కోసం ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి పెడదాం అనుకోగానే ముందు తట్టేది వాట్సాప్ గ్రూపు. రెండు నిమిషాల్లో అయిపోతుంది, దాదాపు అందరి ఫోన్లలోనూ యాప్ ఉండనే ఉంటుంది. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు గూగుల్ క్లాస్‌రూమ్ దాకా వెళ్తారు. బ్లాగు మాట ఎత్తితే మాత్రం "ఇప్పుడు బ్లాగులెవరు చదువుతున్నారండీ?" అని అడుగుతారు. నేను ఈ మూడింటినీ పిల్లలతో వాడాను. ఒకదాని పని ఇంకొకదానితో చేయించబోయిన ప్రతిసారీ ఇబ్బంది పడ్డాను. పిల్లలు రాయడం నేర్చుకోవాలి, రాసింది ఎవరో చదివి మారు పలకాలి అంటే మాత్రం బ్లాగుకు సాటి వచ్చేది మిగతా రెండింటిలో లేదు.

ముందు గ్రూపు సంగతి. ఒక సాయంత్రం ఏడింటికి "రేపు అందరూ జామెట్రీ బాక్సు తెచ్చుకోవాలి" అని పెట్టాను. దాని కింద వరసగా "ఓకే టీచర్", "ఓకే టీచర్", దండం పెట్టే చేతుల బొమ్మలు. మధ్యలో ఒకరు బస్సు ఆలస్యం గురించి అడిగారు, ఇంకొకరు ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారు, దానికి పాతిక మంది కేకు బొమ్మలు పెట్టారు. తొమ్మిదిన్నరకు పని నుంచి ఇంటికి చేరిన ఒక తల్లి "రేపు ఏం తేవాలి టీచర్?" అని అడిగారు. తప్పు ఆవిడది కాదు. నేను పెట్టిన మాట అప్పటికే ఎక్కడో పైన కూరుకుపోయింది.

అడ్మిన్లు మాత్రమే సందేశాలు పెట్టేలా సెట్టింగ్ మార్చుకుంటే ఈ గోల తగ్గుతుంది. ఆ మార్పు చేసిన రోజు నుంచి నాకు సగం టెన్షన్ పోయింది. అత్యవసరంగా ఒక కబురు ఇంటికి చేరాలంటే ఇప్పటికీ గ్రూపే మేలు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ సెట్టింగ్ పెట్టాక అది నోటీసు బోర్డు అయిపోతుంది, పిల్లల గొంతు అందులో వినపడదు. తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పైగా గ్రూపులో ఉన్నవాళ్ల ఫోన్ నంబర్లు మామూలుగా మిగతావాళ్లందరికీ కనిపిస్తాయి. పోయిన నెల ఒక పిల్లవాడు రాసిన మంచి పేరా మళ్లీ చూపించాలంటే వందల సందేశాలు వెనక్కి జరపాలి.

గూగుల్ క్లాస్‌రూమ్ 2014లో వచ్చింది. అంతకు చాలా ముందే, 2002లో, మూడుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇలాంటి పనికే వచ్చింది. హోంవర్క్ ఇవ్వడం, గడువు పెట్టడం, ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో చూసుకోవడం, మార్కులు వేయడం, ఒక్కొక్కరికీ విడిగా తప్పులు చెప్పడం వీటిలో బాగా కుదురుతాయి. ముఖ్యంగా ఆ చివరిది. వెనకబడిన పిల్లకు నలుగురి ముందూ కాకుండా తనకే చెప్పగలగడం చిన్న విషయం కాదు.

అయితే క్లాస్‌రూమ్ నాలుగు గోడల మధ్య వ్యవహారం. అక్కడ రాసింది చదివేది టీచరే. పిల్లలకు ఆ సంగతి తెలుసు కాబట్టి టీచరుకు ఏం కావాలో అదే రాస్తారు, మార్కు పడగానే మర్చిపోతారు. ఏడాది తిరిగేసరికి ఆ తరగతిని ఆర్కైవ్ చేస్తాం. ఆ తర్వాత అటువైపు వెళ్లిన పిల్లవాణ్ణి నేను చూడలేదు.

బ్లాగు అలా కాదు. వెబ్‌లాగ్ అన్న మాట 1997లో పుట్టింది, 1999లో బ్లాగ్ అని కుదించారు, అదే ఏడాది బ్లాగులు పెట్టుకోవడానికి బ్లాగర్ వచ్చింది, 2003లో అదే పనికి వర్డ్‌ప్రెస్ వచ్చింది. ఇంటర్నెట్ లెక్కల్లో పాతకాలపు వస్తువే. కానీ దీని వెనక ఉన్న ఆలోచన అంతకంటే పాతది. సెలెస్తాన్ ఫ్రెనే అని ఫ్రాన్స్‌లో ఒక టీచరు ఉండేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై, తరగతిలో ఎక్కువసేపు మాట్లాడలేకపోయేవారు. ఆయన 1920ల్లో తన పల్లెటూరి బడికి ఒక చిన్న అచ్చుయంత్రం తెచ్చారు. పిల్లలు తాము చూసినవీ చేసినవీ రాసుకుని, వాళ్లే అక్షరాలు పేర్చి అచ్చు వేసేవారు. ఆ కాగితాలు దూరాన ఉన్న ఇంకో బడికి పోస్టులో వెళ్లేవి, అక్కడి పిల్లలు రాసినవి ఇక్కడికి వచ్చేవి. ఎదురుచూసే పాఠకుడు ఒకడున్నాడని తెలిస్తే రాతే మారిపోతుందని ఆయన గట్టిగా నమ్మారు. బ్లాగులో మనం చేసేదీ అదే. కాకపోతే అచ్చుయంత్రం అక్కర్లేదు, పోస్టు ఖర్చూ లేదు.

నేను దగ్గరగా చూసిన ఒక ఉదాహరణ చెబుతాను. చిక్కుడు గింజ మొలకెత్తడం గురించి ఒక అమ్మాయి నాలుగు వాక్యాలు రాసింది: "తడిగుడ్డలో గింజలు పెట్టాను. కొన్ని రోజులకు మొలకలు వచ్చాయి. వేరు కిందికి వచ్చింది. ఆకులు పైకి వచ్చాయి." నోటుపుస్తకంలో అయితే నేను టిక్కు పెట్టి వదిలేసేదాన్ని. బ్లాగులో పెట్టాక పక్క సెక్షన్ అబ్బాయి కింద రెండు ప్రశ్నలు రాశాడు: "కొన్ని రోజులు అంటే ఎన్ని? గింజను తలకిందులుగా పెట్టినా వేరు కిందికే వస్తుందా?" మొదటి ప్రశ్నకు ఆ అమ్మాయి తన రఫ్ పుస్తకం వెతికి, మూడో రోజున పగిలింది, అయిదో రోజున వేరు కనిపించింది అని రాసింది. రెండోదానికి జవాబు తెలియదు. మళ్లీ నాలుగు గింజలు నాలుగు దిక్కులకు తిప్పి పెట్టి, రోజూ బొమ్మ గీసింది. వారం తర్వాత పెట్టిన పోస్టులో పద్దెనిమిది వాక్యాలు ఉన్నాయి. వేరు వంగి కిందికి తిరిగిన బొమ్మ ఉంది. "మరీ ఇంత రాయమని ఎవరు చెప్పారు?" అని అడిగితే "వాడు అడిగాడు కదా టీచర్" అంది. ఆ పని నా టిక్కు వల్ల అయ్యేది కాదు.

కాబట్టి బ్లాగులో అసలు బలం పోస్టుది కాదు, కింద వచ్చే వ్యాఖ్యది. అది పిల్లలకు నేర్పాలి, దానంతట అది రాదు. వదిలేస్తే "సూపర్", "నైస్" తప్ప ఏమీ ఉండవు. మా తరగతిలో ఒకటే నియమం: నీకు అర్థమైంది ఒక వాక్యంలో చెప్పు, తర్వాత నిజంగా తెలుసుకోవాలనుకున్నది ఒకటి అడుగు. మొదటి నెల చాలా తడబడ్డారు. రెండో నెలకు దారిలో పడ్డారు. చాట్‌బాట్‌తో రాయించి తెచ్చే రోజులివి, ఆ బెడదకు కూడా ఈ ప్రశ్నలే నాకు ఎక్కువ సాయపడ్డాయి. తాను రాయని పోస్టుకు వచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పడం ఎవరికైనా కష్టమే.

ఇక బ్లాగులోనే ఇంకో బేరీజు ఉంది. ఒక్కో విద్యార్థికి ఒక్కో బ్లాగా, తరగతి మొత్తానికి ఒకటా? మొదట నేను ఒక్కొక్కరికీ ఒకటి పెట్టించాను. నలభై బ్లాగులు, నలభై పాస్‌వర్డులు, సగం మంది మూడో పోస్టు దగ్గరే ఆగిపోయారు. ఎవరిది ఎవరు చదవాలో తెలియదు, నేను చదివేసరికే వారం గడిచేది. తరగతికి ఒకటే బ్లాగు పెట్టి, వారానికి నలుగురు రాయాలి, మిగతావాళ్లు చదివి వ్యాఖ్య రాయాలి అన్నాక కుదురుకుంది. నలభై మందికి పది వారాల్లో వంతు తిరిగొస్తుంది. రాయడానికి ముందు తీరిక దొరుకుతుంది, రాశాక ముప్పై ఆరు మంది పాఠకులు సిద్ధంగా ఉంటారు. పెద్ద తరగతుల పిల్లలు, సొంతంగా ఏళ్ల తరబడి రాయాలనుకునేవాళ్లకు విడి బ్లాగు మంచిదే. చిన్నవాళ్లకు ఉమ్మడిదే మేలు.

భయపడాల్సిన చోటు కూడా ఉంది, దాచను. 2012లో స్కాట్లాండ్‌లో తొమ్మిదేళ్ల అమ్మాయి బడిలో పెట్టే భోజనం ఫొటోలు తీసి, వాటికి మార్కులు వేస్తూ బ్లాగు రాసింది. ప్రపంచమంతా చదివింది. స్థానిక కౌన్సిల్ ఫొటోలు తీయొద్దంది, గొడవ పెద్దదయ్యాక వెనక్కి తగ్గింది. ఆ బ్లాగు ద్వారా పేద దేశాల బడిపిల్లల భోజనానికి పెద్ద మొత్తంలో విరాళాలు కూడా వచ్చాయి. ఒక పిల్ల మాటకు ఎంత బలం ఉంటుందో అందులో కనిపిస్తుంది. అంతమంది కళ్లు ఒక పిల్ల మీద పడితే ఎలా ఉంటుందో కూడా కనిపిస్తుంది. అందుకే మేం ఇంటిపేర్లు రాయం, ముఖాలు కనిపించే ఫొటోలు పెట్టం, బడి పేరూ ఊరి పేరూ ఎక్కడా ఉండవు. ప్రతి వ్యాఖ్యా నేను చూశాకే బయటికి వస్తుంది, ఆ సెట్టింగ్ బ్లాగర్‌లోనూ వర్డ్‌ప్రెస్‌లోనూ ఉంది. బ్లాగర్‌లో పిలిచినవాళ్లకే కనపడేలా తలుపు వేసుకోవచ్చు కూడా. పదమూడేళ్లు నిండని పిల్లలు చాలా దేశాల్లో సొంతంగా గూగుల్ ఖాతా తెరవకూడదు కాబట్టి, చిన్నవాళ్లు కాగితం మీద రాస్తారు, నేను పోస్టు చేస్తాను. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఒక్క పోస్టు కూడా పెట్టను.

ఇంకొకటి. ఏ వేదికా శాశ్వతం కాదు. పోస్టరస్ అనే బ్లాగు వేదిక 2013లో మూతపడింది. ఎంతోమంది టీచర్లు వాడిన వికీస్పేసెస్ అనే వేదిక 2018లో ఆగిపోయింది. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండూ మన రాతలన్నీ ఒక ఫైలుగా దించుకోనిస్తాయి. టర్ము అయిపోగానే దించి దాచుకుంటే చాలు.

ఇంట్లో నెట్ లేని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఈ విషయంలో మూడింటిలో ఏదీ గొప్పది కాదు. కానీ బ్లాగు పోస్టును ప్రింటు తీసి గోడకు అంటించవచ్చు, కింద చీటీల మీద వ్యాఖ్యలు రాయించి తర్వాత ఎక్కించవచ్చు. గ్రూపు సందేశాలతో ఆ పని చేయలేం.

వారానికి రెండు గంటలు బ్లాగుకు కేటాయించలేని టీచరు అయితే దాని జోలికి వెళ్లకండి అనే చెబుతాను. ఆరు నెలల కిందటి పోస్టు దగ్గర ఆగిపోయిన బ్లాగు చూసి, తన వంతు కోసం ఎదురుచూసిన పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. అలాంటప్పుడు క్లాస్‌రూమ్‌లో విడిగా నాలుగు మంచి మాటలు రాయడమే నయం. ఆ రెండు గంటలు దొరికేవాళ్లు మాత్రం కబుర్లకు గ్రూపు ఉంచుకుని, మార్కులకు క్లాస్‌రూమ్ ఉంచుకుని, రాతకు బ్లాగు తెరవండి. కొత్త పోస్టు పడినప్పుడు లింకు గ్రూపులో పెడితే తల్లిదండ్రులు కూడా చదువుతారు. మొదటి నెల బ్లాగు బయటివాళ్లకు తెరవకుండా, ఒకరి కాగితం ఇంకొకరికి ఇచ్చి, కింద పెన్సిలుతో ప్రశ్నలు రాయించండి. ఆ ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ పిల్లలు మళ్లీ పుస్తకం తెరవడం మొదలెట్టిన వారం, మొదటి పోస్టు పెట్టండి.