తిరుపతి చెప్పుల కాళ్ళు, గుల్మార్గ్ స్కీ బూట్లు

మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకోవడానికి కశ్మీర్ వెళ్ళే ముందు, డిసెంబరులో ఒక ఆదివారం మా హాల్లో గోడకు ఆనించి తెల్లకాగితాలు పరిచాం. మడమ గోడకు తగిలేలా నిలబడి బొటనవేలి దగ్గర పెన్సిల్‌తో గీత గీసుకున్నాం. నాది 26.2 సెంటీమీటర్లు, మా ఆవిడది 23.8, ఇంటర్ చదివే మా అమ్మాయిది 24.1, మా బావమరిదిది 27.4. స్కీ బూటు సైజును పాదం పొడవుతో, సెంటీమీటర్లలోనే చెబుతారు. దాన్ని మోండోపాయింట్ అంటారు. మనం చెప్పుల షాపులో చెప్పే ఎనిమిది, తొమ్మిది అక్కడ లెక్కలోకి రావు. మా అమ్మ వచ్చి చూసి, "ఏందిరా, అందరూ పాదాలు గీసుకుంటా ఉండారు, గోకులాష్టమి ఇంకా శానా దూరముంది కదా" అంది.

ఆ కాగితాలే మా ప్రయాణంలో అన్నిటికన్నా పనికొచ్చిన వస్తువు. వాటిని నమ్మకుండా మొదటి రోజు షాపువాడి మాట నమ్మాను. దాని ఫలితం నా ఎడమకాలి బొటనవేలి గోరు మీద ఇంకా నల్లగా కనిపిస్తోంది.

ముందు ఊరి సంగతి. మంచు మీద జారడం నేర్చుకోవాలంటే మనకు మనాలి పక్కన సోలంగ్, ఉత్తరాఖండ్‌లో ఔలి, కశ్మీర్‌లో గుల్మార్గ్ ఉన్నాయి. సోలంగ్‌లో పర్యాటకుల రద్దీ ఎక్కువ, నేర్చుకునే వాలు తక్కువ అని వెళ్ళొచ్చిన స్నేహితులు చెప్పారు. ఔలికి రిషికేశ్ నుంచి రోజంతా ఘాట్ రోడ్డు ప్రయాణం. పైగా 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడి రోప్‌వే ఆపేశారు. గుల్మార్గ్ అయితే శ్రీనగర్ విమానాశ్రయం నుంచి సుమారు 50 కిలోమీటర్లు. నలుగురిలో ఇద్దరికి ఘాట్ రోడ్డు పడదు కాబట్టి అదే ఖాయం చేశాం. రేణిగుంట నుంచి హైదరాబాద్ మీదుగా వెళ్ళొచ్చు, కానీ మాకు చెన్నై నుంచి టైమింగ్స్ కుదిరాయి. అక్కడ ఢిల్లీ విమానం, ఢిల్లీలో శ్రీనగర్ విమానం. ఒక్క మాట, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ కశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఒక్కటైనా దగ్గర పెట్టుకోండి.

కాళ్ళకు కసరత్తు కోసం మనకు జిమ్ అక్కర్లేదు, అలిపిరి ఉంది. 3550 మెట్లు. అయితే అందరూ నడిచి ఎక్కి బస్సులో దిగుతారు కదా, మేం కొన్ని వారాలు బస్సులో ఎక్కి నడిచి దిగాం. స్కీయింగ్‌లో తొడలకు పడే పని ఎక్కడం లాంటిది కాదు, దిగడం లాంటిది. మోకాలు వంచి, బరువును ఆపుకుంటూ ఉండాలి. మోకాళ్ళ పర్వతం దగ్గర దిగేటప్పుడు తొడలు వణుకుతాయి చూడండి, సరిగ్గా అదే వణుకు నాకు గుల్మార్గ్‌లో రెండో రోజు సాయంత్రం వచ్చింది. నెల రోజులు దిగి ఉండకపోతే మొదటి రోజు మధ్యాహ్నానికే వచ్చేదేమో.

కొనాల్సినవి, అద్దెకు తీసుకోవాల్సినవి ముందే విడదీసుకున్నాం. ఒంటికి నేరుగా తగిలేవన్నీ కొనాలి, మిగతావన్నీ అద్దెకు. చెన్నైలో డెకాథ్లాన్‌కు వెళ్ళి లోపల వేసుకునే థర్మల్స్, చేతి తొడుగులు, గాగుల్స్, పొడవాటి స్కీ సాక్స్ తెచ్చుకున్నాం. సాక్స్ మనిషికి రెండు జతలు. తిరుపతిలో చలి అనే మాటకు అర్థం తెలియని వాళ్ళం కాబట్టి ఒకదాని మీద ఒకటి రెండు సాక్స్ వేసుకుందామని నా ప్లాన్. అది తప్పు. ఉన్ని కానీ సింథటిక్ కానీ ఒకే ఒక్క పలుచటి జత వేసుకోవాలి. రెండు వేస్తే ముడతలు పడి ఒరుసుకుంటాయి, రక్తం సరిగ్గా ఆడక కాలు ఇంకా చల్లబడుతుంది. కాటన్ అసలే వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉంటుంది. మా ఆవిడకు కళ్ళజోడు ఉంది కాబట్టి దాని మీద పెట్టుకునే వెడల్పు గాగుల్స్ తీసుకున్నాం. అద్దాల రంగు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను స్టైల్‌గా ఉందని ముదురు నల్ల అద్దం కొన్నాను. అది బాగా ఎండ కాసే రోజుకు. మబ్బు పట్టిన రోజు మంచు, ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోతే పసుపో, గులాబీయో ఉన్న లేత అద్దం కావాలి. మేమున్న నాలుగు రోజుల్లో మూడు రోజులు మబ్బే.

మొదటి రాత్రి డబ్బు మిగులుతుందని టంగ్‌మార్గ్‌లో దిగాం. గుల్మార్గ్‌కు 13 కిలోమీటర్ల కింద ఉన్న ఊరు. గది అద్దె పైన అడిగిన దాంట్లో సగమే. వేడి నీళ్ళు, దుప్పట్లు బాగున్నాయి. రొట్టె, రాజ్మా కూడా బాగుంది. కానీ మంచు పడితే అక్కడి నుంచి చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లు, ఫోర్ బై ఫోర్‌లే పైకి వెళ్తాయి. బండి దొరికి, గొలుసులు కట్టి, పైకి చేరేసరికి పదకొండయింది. మధ్యలో గమ్ బూట్లు, పొడవాటి కోటు అద్దెకు తీసుకోమని చుట్టూ మూగుతారు. అవి ఫోటో దిగి వెళ్ళిపోయే వాళ్ళకు సరిపోతాయి, స్కీ నేర్చుకునే వాళ్ళకు దండగ. రెండో రోజు నుంచి గుల్మార్గ్‌లోనే ఉన్నాం. గదిలో కట్టెల పొయ్యి, దాన్ని బుఖారీ అంటారు, పరుపు మీద కరెంటు దుప్పటి. మధ్యలో కరెంటు పోయేది. అయినా పొద్దున్న తొమ్మిదికి మంచు మీద ఉండగలిగాం. మళ్ళీ వెళ్తే టంగ్‌మార్గ్ వైపు చూడను.

ఇక అసలు కథ. మొదటి రోజు ఆలస్యమైందన్న టెన్షన్‌లో బండి దిగిన చోట కనిపించిన మొదటి షాపులో దూరాం. పేరెందుకు గానీ, కుర్రాడు నా కాలు వైపు చూసి 28 సైజు బూట్లు తెచ్చాడు. నేను కాగితం చూపిస్తే, "సార్, కంఫర్టబుల్‌గా ఉంటుంది" అన్నాడు. వేసుకుంటే నిజంగానే హాయిగా ఉంది! నలభై ఐదేళ్ళుగా చెప్పుల్లో తిరిగిన కాలికి వదులే సుఖం కదా. ఆ హాయే నన్ను ముంచింది. వాలు మీద బూటు లోపల కాలు ముందుకు జారి, వేళ్ళు గోడకు కొట్టుకున్నాయి. మడమ పైకి లేచింది. నేను ఎడమకు తిరుగుదామనుకుంటే కాలు తిరిగింది గానీ బూటు తిరగలేదు, బూటు తిరగందే స్కీ ఎక్కడ తిరుగుతుంది? వదులు పోవడానికి బకిల్స్ బిగిస్తే పిక్క మీద నొప్పి. సాయంత్రానికి గోరు నల్లబడింది.

మర్నాడు మా ఇన్‌స్ట్రక్టర్ నా బూటు చూసి నవ్వి, ఇంకో షాపుకు తీసుకెళ్ళాడు. అక్కడి పెద్దాయన నా కాగితం కొలతను తన కొలబద్దతో మళ్ళీ సరిచూశాడు. బూటు లోపలి మెత్తటి లైనర్‌ను బయటికి లాగేసి, ఉత్త ప్లాస్టిక్ గుల్లలో కాలు పెట్టి వేళ్ళు ముందు గోడకు ఆనించమన్నాడు. నా మడమ వెనకాల తన వేళ్ళు దూర్చి చూశాడు. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల సందు ఉండాలట. తర్వాత లైనర్ పెట్టి, మడమను నేలకేసి రెండుసార్లు కొట్టించి, ముందు పై బకిల్స్, మోకాలు వంచాక కింది బకిల్స్ పెట్టించాడు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడను తాకాలి, మోకాలు ముందుకు వంచితే కొంచెం వెనక్కి రావాలి. నాకు 26.5 సరిపోయింది. 26, 26.5 లకు బయటి గుల్ల ఒకటేనని, తేడా లోపలేనని కూడా అప్పుడే తెలిసింది. ఐదు నిమిషాలు అలాగే నిలబెట్టాడు. బిగువుగా ఉంది, కానీ ఎక్కడా పొడవలేదు. చెప్పుల వల్ల మన పాదాలు ముందు వైపు పరుచుకుని ఉంటాయి. అలాంటి కాళ్ళకు సైజు పెంచకూడదు, అదే సైజులో వెడల్పు మోడల్ అడగాలి. మా ఆవిడకు అలాగే ఇచ్చాడు.

స్కీలు కూడా మార్చాడు. గుల్మార్గ్‌లో లోతైన పొడి మంచు కోసం వచ్చేవాళ్ళు ఎక్కువ కాబట్టి షాపుల నిండా వెడల్పాటి పొడవాటి స్కీలే. నా ఎత్తు 170, మొదటి షాపులో నాకిచ్చిన స్కీ కూడా దాదాపు అంతే. కొత్తగా నేర్చుకునే వాళ్ళకు గడ్డం దగ్గరికి వచ్చేది చాలు, స్కీ మధ్య భాగం సన్నగా ఉంటే అంచు నుంచి అంచుకు తేలిగ్గా మారుతుంది. నాకు 154 ఇచ్చాడు. కర్రల కొలత ఇంకా సులువు. కర్రను తలకిందులుగా పట్టుకుని, కింది చక్రానికి ఆవల పిడికిలి పెడితే మోచేయి ఎల్ ఆకారంలో ఉండాలి.

ఇందులో ప్రాణం మీదికి వచ్చేది బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్. పడినప్పుడు బూటును వదిలేసే స్ప్రింగు ఎంత బిగువుగా ఉండాలో చెప్పే అంకెను డిన్ అంటారు. బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి చార్టు ప్రకారం పెట్టాలి. అడుగు పొడవు బూటు మడమ పక్కన మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. యాభై దాటిన వాళ్ళకు ఇంకాస్త తగ్గిస్తారు. మొదటి షాపు వాళ్ళు ఇవేవీ అడగలేదు, ఎవరో బలమైన మనిషికి పెట్టిన 8 అలాగే వదిలేశారు. ఈయన ముందూ వెనకా రెండూ 5 దగ్గరికి తెచ్చాడు. ఎక్కువ ఉంటే పడినా బూటు ఊడదు, మోకాలు మెలిపడుతుంది. తక్కువ ఉంటే ఊరికే ఊడి పడేస్తుంది. ఇది మనం స్క్రూడ్రైవర్ పట్టుకునే చోటు కాదు. కానీ అంకె ఎంత పెట్టావని అడగండి, అడిగితే చెప్పని షాపులో తీసుకోకండి.

మా బావమరిదికి టూవీలర్ మెకానిక్ షాపుంది. స్కీ వద్దు, రెండు కాళ్ళూ ఒకే పలక మీద కట్టుకునే స్నోబోర్డే కావాలన్నాడు. బోర్డు మీద పక్కకు తిరిగి నిలబడాలి కాబట్టి ఏ కాలు ముందో తేలాలి. కొందరు వెనక నుంచి తోసి చూస్తారు. వీడు ఇంట్లోనే సాక్స్ వేసుకుని గచ్చు మీద జారి చూసుకున్నాడు, ప్రతిసారీ కుడికాలే ముందుకొచ్చింది. దాన్ని గూఫీ అంటారు. ఎడమకాలు ముందైతే రెగ్యులర్. షాపులో బోర్డు రెగ్యులర్‌కు కట్టి ఉంది. పెద్దాయన స్క్రూడ్రైవర్ తీయగానే, "బావా, ఇది మన పనే కదా" అని వీడు పక్కన కూర్చున్నాడు. భుజాల కన్నా కాస్త ఎక్కువ ఎడం, ముందు కాలు బయటికి 15 డిగ్రీలు, వెనక కాలు దానికి ఎదురు వైపు బయటికి 6. నాలుగు స్క్రూలూ ఒకేసారి బిగించకుండా, కారు చక్రం నట్లలాగా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాడు. గంట తర్వాత మళ్ళీ చూస్తే ఒకటి వదులైంది. బోర్డు బైండింగ్ పడినప్పుడు ఊడదు, అందుకే దానికి డిన్ గొడవ లేదు. బోర్డు పొడవు మాత్రం ఎత్తుతో పాటు బరువు కూడా చూసి ఇస్తారు. 82 కిలోల వాడికి 158 ఇచ్చారు. బూటు వేళ్ళు, మడమలు బోర్డు అంచు దాటి మరీ ముందుకు రాకూడదు, వస్తే మంచుకు తగిలి పడేస్తాయి. పెద్ద పాదాలకు వెడల్పు బోర్డు ఉంటుంది.

బూట్ల సుఖంలో బోర్డుదే పైచేయి, మెత్తగా నడవొచ్చు. సుఖం అంతవరకే. మొదటి రోజంతా వాడు కూర్చునే ఉన్నాడు. మణికట్టు రక్షణ పట్టీలు కొని తేలేదు, అది మా తప్పు. మూడో రోజు మడమల అంచు మీద జారుతూ ఆగడం వచ్చింది, "గమ్మునుండు బావా, నేనొస్తా" అని కిందికి వచ్చేశాడు. మా అమ్మాయి స్కీల మీద మొదటి రోజు సాయంత్రానికే ముందు కొసలు దగ్గర చేసి ఆగడం నేర్చుకుంది.

గండోలా అనే రోప్‌వేలో మొదటి దశ వరకే వెళ్ళాం. 1998లో మొదలైన ఆ దశ కొంగ్డూరి దాకా, 2005లో వచ్చిన రెండో దశ అఫర్వత్ మీదికి, సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు పోతుంది. గుల్మార్గే 2,650, అంటే తిరుమల కొండకు మూడింతలు. రెండో దశ నుంచి స్కీల మీద దిగాలంటే హిమపాతం ముప్పున్న వాలు. మంచులో కూరుకుపోయిన మనిషి జాడ చెప్పే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతికే కడ్డీ ప్రోబ్, పార, వాటిని వాడటం తెలిసిన గైడు లేకుండా వెళ్ళకూడదు. మాకు కింది మైదానంలోని చిన్న వాలు చాలు, టికెట్ల క్యూ గోల కూడా తప్పింది.

రోజూ సాయంత్రం లైనర్లు విప్పి బుఖారీకి మూరెడు దూరంలో ఆరబెట్టేవాళ్ళం. మరీ దగ్గర పెడితే పాడవుతాయని గది కుర్రాడు హెచ్చరించాడు. తడి లైనర్‌తో పొద్దున్నే బయల్దేరితే ఎంత మంచి సాక్సయినా పనిచేయదు. అద్దె రోజుకు సెట్టుకు వెయ్యి రూపాయలు, రెండు షాపుల్లోనూ అదే ధర.

గాగుల్స్, తొడుగులు, హాల్లో గీసిన కాగితాలు ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. తిరుపతిలో ఎవరైనా వెళ్తుంటే ఇస్తాను, మబ్బు రోజుకు నా నల్ల గాగుల్స్ మాత్రం అడగొద్దు.