మేనేజ్‌మెంట్ కోటాలో ఏఐఎంఎల్ సీటు కొంటున్నారా? ముందు ఉద్యోగాలొచ్చినవాళ్ల హాల్‌టికెట్ నంబర్లు అడగండి

2022లో మా తమ్ముడికి ఎంసెట్‌లో 40 వేలు దాటిన ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్ మొదలవకముందే ఒక ప్రైవేటు కాలేజీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మా నంబరు వాళ్లకెలా దొరికిందో ఇప్పటికీ తెలీదు. "మూడే సీట్లున్నాయి సార్, సాయంత్రంలోపు అడ్వాన్స్ పడకపోతే నా చేతుల్లో ఉండదు" అన్నాడు పీఆర్‌ఓ. నాన్న చేబదులు తెచ్చి 50 వేలు కట్టారు. రశీదు పేరుతో ఇచ్చిన చీటీ మీద కాలేజీ ముద్ర కూడా లేదు.

నేను సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాను, నాకైనా బుర్ర పనిచేయాల్సింది. ఏసీ గదిలో టీ ఇచ్చి ఒక షీటు చూపించారు: ఏఐఎంఎల్ (ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, మెషీన్ లెర్నింగ్) బ్రాంచిలో 95 శాతం ప్లేస్‌మెంట్లు. ఆ కాలేజీలో ఆ బ్రాంచి పెట్టిందే 2020లో. మొదటి బ్యాచ్ బయటికి రావాల్సింది 2024లో. మరి 2022కే ఉద్యోగాలు ఎవరికి వచ్చినట్టు? ఫోటో తీసుకుందామని ఫోన్ తీస్తే "కాన్ఫిడెన్షియల్ మేడమ్" అని షీటు మడిచేశాడు. అక్కడే లేచి వచ్చేయాల్సింది.

తర్వాత గేటు ముందు ఫ్లెక్సీలో ఉద్యోగాలొచ్చినవాళ్ల ఫోటోల కింద హాల్‌టికెట్ నంబర్లు చదివాను. జేఎన్‌టీయూ హైదరాబాద్ కాలేజీల్లో చివరి నాలుగింటిలో మొదటి రెండూ బ్రాంచి కోడు. 05 అంటే సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్), 04 అంటే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్), 66 అంటే ఏఐఎంఎల్. ఫ్లెక్సీ నిండా 05, 04. ఒకే అబ్బాయి మూడు చోట్ల నవ్వుతున్నాడు, మూడు ఆఫర్లు వచ్చాయని మూడుసార్లు లెక్కేశారు.

బ్రోషర్‌లో ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) అని పెద్దక్షరాల్లో ఉంది. ఎన్‌బీఏ గుర్తింపు ఇచ్చేది బ్రాంచికి, కాలేజీ మొత్తానికి కాదు. అదీ కనీసం రెండు బ్యాచ్‌లు పాసయ్యాకే. వాళ్లకున్నది ఈసీఈకి, మెకానికల్‌కి.

క్లాసులు మొదలయ్యాక చూస్తే ఏఐ ల్యాబ్ అంటే పాత సీ లాంగ్వేజి ల్యాబ్ తలుపుకి కొత్త బోర్డు. ఏఐ చదవొద్దని నేననడం లేదు, చెప్పేవాళ్లుంటే మంచి బ్రాంచే. ఇక్కడ సెమిస్టర్‌కో సారు మారారు.

అసలు దెబ్బ సర్టిఫికెట్ల దగ్గర పడింది. రెండో విడత కౌన్సెలింగ్‌లో తమ్ముడికి ఇంకో కాలేజీలో ఈసీఈ వచ్చింది. అది ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ సీటు కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉండేది, మేనేజ్‌మెంట్ సీటుకి అది రాదు. ఇంటర్ మెమో, టీసీ ఇవ్వండని వెళ్తే "నాలుగేళ్ల ఫీజు కట్టి తీసుకెళ్లండి" అన్నారు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని ఉన్నత విద్యను చూసే యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ రెండూ చెబుతున్నాయి. ఆ సంగతి అప్పుడు మాకు తెలీదు. గడువు దాటింది, సీటు పోయింది.

జాయినయ్యేటప్పుడు ఒరిజినల్స్ చూపించి, జిరాక్సులే ఇవ్వండి. తప్పదంటే కాలేజీ ముద్రతో ఏమేం తీసుకున్నారో రాయించుకోండి. మా దగ్గర ఆ కాగితం కూడా లేదు, ఫిర్యాదుకి ఏం జతచేస్తాం?